అద్దె ఇంటి సామాను: దోహాలో మన కాపురాల చరిత్ర

ఖతార్‌లో తెలుగువాళ్ళ గురించి నేను చదివిన వ్యాసాలు చాలావరకు రెండు రకాలు. ఒక రకం సంఘాల గురించి: ఉగాదికి ఎవరొచ్చారు, ఎవరు పాడారు, ఎవరికి శాలువా కప్పారు. రెండో రకం కష్టాల గురించి: ఏజెంట్ల మోసాలు, ఎండలో పనులు, విమానంలో తిరిగి వెళ్ళిన పెట్టెలు. రెండూ రాయవలసినవే. కానీ మనవాళ్ళు ఇక్కడ ఇన్నేళ్ళూ దేనిమీద పడుకున్నారు, దేనిమీద కూర్చుని అన్నం తిన్నారు, గోడలకి ఏం తగిలించుకున్నారు అన్న సంగతి మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ఇదీ చరిత్రేనా అని మా ఆవిడ అడిగింది. చరిత్రే అని నా నమ్మకం.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పాఠకులకి ఒక మాట ముందే చెప్పాలి. మీరు నాలుగైదేళ్ళు అద్దెకుండి, తర్వాత ఇల్లు కొనుక్కుంటారు. ఇక్కడ మొదటి రోజూ అద్దే, ముప్ఫయ్యో ఏడూ అద్దే. విదేశీయులు కొన్ని చోట్ల ఇళ్ళు కొనుక్కోవచ్చని 2004లో చట్టం వచ్చింది. సముద్రాన్ని పూడ్చి కట్టిన పెర్ల్ దీవి అందులో ముఖ్యమైనది. ఇరవై ఏళ్ళు నివసించిన వాళ్ళలో ఏడాదికి వందమందికి మించకుండా శాశ్వత నివాసం ఇవ్వవచ్చని 2018లో ఇంకో చట్టం వచ్చింది. రెండు లక్షల డాలర్ల ఇల్లు కొంటే నివాస అనుమతి ఇస్తామని 2020లో అన్నారు. ఇవన్నీ ఉన్నవాళ్ళ సంగతులు. నాబోటి వాడికి ఇక్కడ ఉండడం అంటే ఉద్యోగం ఉన్నన్నాళ్ళు ఉండడం. అందువల్ల ఈ ఊళ్ళో ఒక కుర్చీ కొనాలన్నా, ఎన్నాళ్ళుంటాం అనే లెక్క ముందు వేసుకోవాలి. ఆ లెక్కే మన ఇళ్ళకి ఆకారం ఇచ్చింది.

మనకంటే ముందు ఈ ఊరివాళ్ళ ఇళ్ళు ఎలా ఉండేవో కాస్త చూద్దాం. దుఖాన్ దగ్గర చమురు పడింది 1940 ప్రాంతంలో. యుద్ధం వల్ల పని ఆగిపోయి, ఎగుమతి మొదలయ్యేసరికి 1949 చివరికి వచ్చింది. అంతకుముందు దోహా ముత్యాల ఊరు. జపాన్‌వాళ్ళ పెంపుడు ముత్యాలు వచ్చి 1930 ప్రాంతంలో ఆ వ్యాపారం కుప్పకూలింది. పేదలవి ఖర్జూర మట్టల ఇళ్ళు, వాటిని అరీష్ అంటారు. ఉన్నవాళ్ళవి రాయి, మట్టి, జిప్సం గోడలు. కప్పుకి తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడచెట్ల దూలాలు వేసి, పైన వెదురు బద్దలు, చాప, మట్టి పరిచేవారు. దూలం పొడవు ఎంతో గది వెడల్పు అంతే. ఆ గదుల్లో సామాను అంటే నేలమీద చాపలు, గోడ వెంబడి దిండ్లు, దీపానికీ గిన్నెలకీ గోడలో గూళ్ళు, పగలు చుట్టిపెట్టి రాత్రి పరిచే పక్కలు. ఇంటికి గొప్ప వస్తువు ఒకటే, ఇత్తడి మేకుల నగిషీతో టేకు పెట్టె. అది మన పశ్చిమ తీరపు రేవుల నుంచి వచ్చేది. మన తాతల భోషాణానికి దగ్గర చుట్టం. ముత్యాలు బొంబాయి వెళ్ళేవి. బియ్యం, బట్టలు, కలప అటునుంచి వచ్చేవి. డబ్బు కూడా మన రూపాయే. 1959 నుంచి గల్ఫ్ కోసం విడిగా వేసిన రూపాయి నడిచింది. 1966 జూన్‌లో భారతదేశం రూపాయి విలువ తగ్గించాక ఇక్కడివాళ్ళు దాన్ని వదిలేశారు.

ముషేరిబ్‌లో రద్వానీ ఇల్లు అని 1920ల నాటి ఇల్లొకటి ఉంది. 2015లో దాన్ని మ్యూజియం చేసి పాతకాలపు సంసారం ఎలా ఉండేదో చూపిస్తున్నారు. మా పిల్లల్ని తీసుకెళ్తే మా అమ్మాయి ఆ గది చూసి, "నాన్నా, ఇది మన నజ్మా ఇల్లులాగే ఉందే" అంది. నవ్వొచ్చింది గానీ అన్నది నిజమే. నేలమీద పక్కలు, గోడ గూట్లో దేవుడు, మూలన పెట్టెలు. మా నజ్మా ఇల్లు ఆర్నెల్లు అలాగే ఉండేది.

చమురు వచ్చాక కంపెనీలు దుఖాన్‌లోనూ ఉమ్ సయీద్‌లోనూ తమ ఉద్యోగులకి ఇళ్ళు కట్టాయి. కంపెనీ ఇంట్లోకి దిగినవాడికి మంచం నుంచి దాకా కంపెనీదే. ఇప్పటికీ ఇక్కడ ఉద్యోగస్తులు ఆ రెండు రకాలే: ఇల్లూ సామానూ ఇచ్చే ఉద్యోగం ఒకటి, ఇంటికింత అని డబ్బు చేతిలో పెట్టే ఉద్యోగం ఒకటి. భారతీయ కుటుంబాలు ఎప్పటినుంచి ఉన్నాయో తెలుసుకోవడానికి నేనొక చిన్న ఉపాయం వాడతాను. బడి ఎప్పుడు పెట్టారో చూస్తే సరి. ఎం.ఇ.ఎస్. ఇండియన్ స్కూలు 1974లో, ఐడియల్ 1985లో మొదలయ్యాయి. అంటే స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్ళకే ఇక్కడ మన దేశపు పిల్లలు ఒక బడికి సరిపడా ఉన్నారన్నమాట. అందులో ఎక్కువమంది మలయాళీలు. మన కుటుంబాలు బాగా పెరగడం నా కళ్ళముందే జరిగింది.

నేను వచ్చింది 1998లో. ఆ ఏడాది చివరికి చమురు పీపా పది డాలర్ల చుట్టుపక్కలకి పడిపోయింది. ఊరు నిద్రపోతున్నట్టుండేది. అద్దెలు తక్కువ, ఇళ్ళు బోలెడు. నజ్మాలో ఒక దుకాణం పైన రెండు గదుల వాటా నా జీతంలో మూడోవంతుకి దొరికింది. అరబ్బీలో ఒప్పందం, పన్నెండు నెలలకి ముందు తేదీలు వేసిన పన్నెండు చెక్కులు. లోపలికెళ్ళి చూస్తే గోడలు, తలుపులు, ఏసీ పెట్టడానికి గోడలో చతురస్రపు బొక్క. అంతే. ఆ బొక్కకి అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. పరదా కడ్డీలు కూడా అంతకుముందున్నవాళ్ళు ఊడదీసి తీసుకెళ్ళారు.

సామాను కోసం అందరూ చెప్పిన చోటు హరాజ్. నజ్మా పక్కనే పాత సామాను బజారు. హరాజ్ అంటే అరబ్బీలో వేలం. మన ఊళ్ళో చింతచెట్లకీ చేపల చెరువుకీ పాడే హర్రాజు ఈ మాటే, ఉర్దూలోంచి మన నోళ్ళలోకి వచ్చింది. ఆ సంగతి తెలిశాక నాకు ఆ బజారు పరాయిదిగా అనిపించలేదు. సందుల నిండా మంచాలు నిలబెట్టి ఉండేవి, వాటికి ఆనించి పరుపులు, పరుపులమీద కుర్చీలు బోర్లించి. దుకాణాలవాళ్ళు ఎక్కువగా పఠాన్లు. బేరం హిందీలో. "భాయ్, ఆఖిరీ కిత్నా" అంటే ఒక అంకె చెప్పి మొహం తిప్పుకుంటాడు. మీరు నాలుగడుగులు వేశాక పిలుస్తాడు. పిలవకపోతే అది నిజంగానే ఆఖరి ధర. సాయంత్రం నమాజు అయ్యాక వెళ్ళాలి. నెలాఖర్లో వెళ్తే సరుకెక్కువ, నెల మొదట్లో వెళ్తే ధర ఎక్కువ. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు నెలాఖర్లో అమ్ముతారు, జీతమందినవాళ్ళు మొదటివారంలో కొంటారు. బయట పికప్ బళ్ళు ఉండేవి. బండివాడే మంచం విప్పి, మోసి, మేడమీద మళ్ళీ బిగించి ఇచ్చేవాడు. ఆ కూలి ముందే మాట్లాడుకోకపోతే మంచం ధర కంటే అదే ఎక్కువయ్యేది.

అక్కడ మా ఆవిడకి గురువు మా పై వాటాలో ఉండే కడపావిడ. ఆవిడకి అప్పటికే దోహాలో పదకొండేళ్ళ అనుభవం. "సోఫా యాడికి పోతాది వదినా, ముందు పరదాలు కుట్టించుకో" అంది. ఆ మాట విలువ మే నెలలో తెలిసింది. పడమటి కిటికీకి మందపాటి అస్తరు వేసిన పరదా లేకపోతే ఏసీ ఎంత తిరిగినా గది చల్లబడదు. బజారు వెనక సందులో పరదాలు కుట్టే దర్జీలు ఉండేవారు. అక్కడ కూడా ఆవిడే చెప్పింది, కింద జానెడు మడత ఎక్కువ పెట్టించమని. వచ్చే ఇంటి కిటికీ ఎంతుంటుందో ఎవరికి తెలుసు! ఆ పరదాలు మాకు మూడిళ్ళు వచ్చాయి. పాత మంచం కొంటే నల్లుల భయం. దానికీ ఆవిడ దగ్గర మందుంది: జూలై ఎండలో రెండు రోజులు మేడమీద పడెయ్యడం. బీరువా మాత్రం ఇనుపదే కొనమనేది. చెక్కపొట్టు పలకల బీరువా చూడ్డానికి బాగుంటుంది గానీ, రెండుసార్లు విప్పి బిగిస్తే మేకుల బొక్కలు వదులైపోయి ఒక పక్కకి ఒరుగుతుంది. అద్దె ఇంటివాడి సామాను విలువ, అది ఎన్ని ఇళ్ళు మారగలదు అన్నదాన్ని బట్టి. ధరని బట్టి కాదు.

హరాజ్ కంటే చవక, వెళ్ళిపోయేవాళ్ళ సామాను. సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర బోర్డుకి కాగితాలు గుచ్చేవారు. గల్ఫ్ టైమ్స్‌లో చిన్న ప్రకటనలు వచ్చేవి. బళ్ళు మూసి సెలవులిచ్చే జూన్‌లో ఎక్కువ. మా భోజనాల బల్ల అలా వచ్చిందే, ఆరు కుర్చీలతో నూట యాభై రియాళ్ళు. అప్పుడు రియాలు పన్నెండు రూపాయలకి దగ్గరలో ఉండేది. అమ్మకి ఉత్తరంలో పద్ధెనిమిది వందలని రాస్తే అంత పెట్టావా అంది. బల్ల తిరగేస్తే కింద మార్కరుతో మలయాళంలో ఒక పేరు, అరబ్బీ అంకెల్లో ఒక నంబరు, ఇంకెవరిదో ఇంగ్లీషులో ఫ్లాటు నంబరు. మాకంటే ముందు కనీసం మూడిళ్ళు తిరిగిందది. అమ్మిన ఇల్లాలు కుర్చీల గుడ్డలు ఉతికి మరీ ఇచ్చింది. లిఫ్టుదాకా వచ్చి బల్లమీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. ఆ రోజు నాకు అదేమిటో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక అలంకరణ. ఇది డబ్బుల సమస్య కంటే మేకుల సమస్య. గోడకి మేకు కొడితే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లో కోత. అందుకని మన ఇళ్ళలో పటాలు గోడకి కాక బీరువామీదా, టీవీ పక్కనా నిలబడి ఉండేవి. దేవుడు వంటింటి అలమరాలో ఒక అరలోనో, బట్టల బీరువా పై అరలోనో ఉండేవాడు. దీపం పెట్టినంతసేపూ ఎవరో ఒకరు కాపలా ఉండాలి. గుమ్మానికి మామిడాకులు దొరక్క ప్లాస్టిక్ తోరణం, నేలమీద ముగ్గు బదులు స్టిక్కరు. దసరాకి బొమ్మల కొలువు పెట్టాలంటే మెట్లు కావాలి కదా, కార్గోవాళ్ళ అట్టపెట్టెలు అంచెలుగా పేర్చి పైన పాత పట్టుచీర పరిచేవాళ్ళం. సెలవుకి వెళ్ళినప్పుడల్లా రెండేసి బొమ్మలు బట్టల మధ్య చుట్టి తెచ్చుకునేవాళ్ళం. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు దూదిలా తేలిక. విమానంలో బరువు లెక్కపెట్టేవాళ్ళకి అంతకంటే మంచి కళాఖండం లేదు. ఏటికొప్పాక లక్కబొమ్మలూ అంతే. సోఫా చిరుగుని కప్పడానికి పెడన కలంకారీ దుప్పటి. మా ఇంటికొచ్చిన ఒక ఈజిప్టు సహోద్యోగి దాన్ని చూసి చాలా ఖరీదైన సోఫా అనుకున్నాడు. మేం ఏమీ అనలేదు.

2004 తర్వాత ఊరు మారిపోయింది. గ్యాసు డబ్బు వచ్చింది, 2006 డిసెంబరులో ఆసియా క్రీడలు వచ్చాయి, ఎక్కడ చూసినా క్రేన్లు. అద్దెలు రెట్టింపయ్యాయి. ధరల పెరుగుదల 2007లో దాదాపు 14 శాతం, 2008లో 15 శాతం. అందులో పెద్ద భాగం ఇంటి అద్దెలదే. 2008లో కొత్త అద్దె చట్టం వచ్చి పెంపుకి కళ్ళెం వేసింది గానీ, అప్పటికే సగంమంది ఇళ్ళు మారిపోయారు. మా యజమాని కూడా, బిల్డింగు పడగొడుతున్నానని చెప్పి ఖాళీ చేయించాడు. పడగొట్టలేదు, రంగులేసి రెట్టింపుకి ఇచ్చాడు. అప్పుడు మాలాంటివాళ్ళందరికీ దిక్కు విల్లా ముక్కలు. ఒక పెద్ద విల్లాని జిప్సం పలకలతో ఆరేడు వాటాలుగా అడ్డం కట్టి అద్దెకిచ్చేవారు. పక్క వాటాలో పోపు వేస్తే మాకు తుమ్ములు.

సామాను కూడా దాంతో కుదించుకుపోయింది. సోఫా పోయి, రాత్రి విప్పితే మంచమయ్యే సోఫా వచ్చింది. బల్ల పోయి, మడత బల్ల వచ్చింది. నూట యాభై రియాళ్ళ బల్లని నేను నెల్లూరు దంపతులకి అమ్మాను, అదే ధరకి. మంచం కింద అంగుళం ఖాళీ ఉండేది కాదు. 2008లో భారతదేశం మామూలు బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు సోనా మసూరి దొరక్క, దొరికినన్ని బస్తాలు తెచ్చి మంచాల కింద దాచిన ఇళ్ళు నాకు తెలుసు. మాది కూడా.

కుటుంబం తెచ్చుకోగలిగినవాడి కథ ఇది. తెచ్చుకోలేనివాడి సామాను ఒక్క మాటలో అయిపోతుంది: ఇనుప మంచం. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ఇంత ఉండాలని నియమం ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళలో ఎక్కువమంది జీతం ఆ గీతకి చాలా కింద. గదికి నలుగురికి మించకూడదనీ, మంచంమీద మంచం వెయ్యకూడదనీ రాతలో ఉంది. నేను చూసిన గదుల్లో ఎనిమిది మంది, పది మంది. 2010లో, కుటుంబాలుండే పేటల్లో కార్మికుల వసతి ఉండకూడదని చట్టం చేశారు. దాంతో ఊరి మధ్య గదులు ఖాళీ అయి, వాళ్ళు ఊరి చివర ఇండస్ట్రియల్ ఏరియాకి చేరారు. ఆ గదుల్లో కూడా ఇల్లు అనేది ఉండేది. కింది మంచానికి చుట్టూ తీగ కట్టి చీరో దుప్పటో తెరగా వేసుకుంటారు. ఆ తెర లోపల ఆరడుగుల ఇల్లు. తలాపున పిల్లల ఫొటో, కొండగట్టు అంజన్న పటం, ఫోను ఛార్జింగుకి సాగదీసిన వైరు, కాళ్ళవైపు ఊరికి పంపాల్సిన కార్గో పెట్టె. పెట్టెలో దుప్పట్లు. ఇక్కడ దుప్పటి చాలీచాలనివాడు ఊరికి మాత్రం పులిబొమ్మ దుప్పటి పంపుతాడు.

ముషేరిబ్‌లో, దోహాకి మొదట కరెంటు వచ్చిన కహ్రబా వీధి చుట్టుపక్కల, అలాంటి అద్దె గదులు వందలుండేవి. 2010లో ఆ పేటంతా కూల్చి కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. నాలుగు పాత ఇళ్ళు ఉంచి మ్యూజియాలు చేశారు. చాలా బాగా చేశారు, నేను నాలుగుసార్లు వెళ్ళాను. కానీ ఒక్క అద్దె గది కూడా, ఇనుప మంచంతో తెరతో అలాగే ఉంచి ఉంటే ఆ పేట చరిత్ర పూర్తయ్యేదని నా అభిప్రాయం. రద్వానీ కుటుంబం ఎంత నిజమో, నలభై ఏళ్ళు ఆ పేటలో అద్దె కట్టినవాళ్ళూ అంత నిజం.

2013 మార్చిలో ఐకియా వచ్చింది. అంతకుముందు దుబాయ్ కారులో వెళ్ళొచ్చినవాళ్ళు పైన కట్టుకుని తెచ్చేవారు. కొత్త సామాను, పాత సామానుకి కాస్త అటూఇటూ ధరకి దొరికేసరికి మన ఇళ్ళ పోలికే మారిపోయింది. ఏ తెలుగింటికి వెళ్ళినా అదే తెల్ల పుస్తకాల అర, అదే నాలుగు కాళ్ళ చిన్న బల్ల. పిల్లలు ముచ్చటపడ్డారు, కాదనలేం. అయితే వాటికి రెండో ఇల్లు చూసే ఓపిక లేదు. అదొక్కటే నా ఫిర్యాదు. 2017 జూన్‌లో పొరుగు దేశాలు సరిహద్దు మూసేసినప్పుడు సరుకు తగ్గి, పాత సామానుకి మళ్ళీ గిరాకీ వచ్చింది. 2020లో కరోనా వచ్చి ఉద్యోగాలు పోయినవాళ్ళు వందే భారత్ విమానాల్లో వెళ్ళిపోయినప్పుడు, కొనేవాడే లేడు. చెత్తకుండీల పక్కన మంచి మంచాలు, పిల్లల సైకిళ్ళు, ఊయలలు వరసగా పెట్టి ఉండేవి. ఒక దానిమీద, పనిచేస్తుంది, తీసుకోండి అని కాగితం అంటించి ఉంది. 2022 ప్రపంచ కప్పుకి అద్దెలు మళ్ళీ ఎగిరి, అయిపోగానే దిగాయి. అభిమానుల కోసం పెట్టిన చెక్క గదులూ కారవాన్లూ పదివేలదాకా 2023లో టర్కీ, సిరియా భూకంప బాధితులకి పంపుతామని ప్రకటించారు. ఈ ఊరి సామానులో నాకు బాగా నచ్చిన ప్రయాణం అది.

మనవాళ్ళ ఖర్చు లెక్కలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఇక్కడ నేలమీద పరుపుతో ఇరవై ఏళ్ళు గడిపినవాడు ఊళ్ళో టేకు తలుపులు పెట్టిస్తాడు. దాన్ని పిసినారితనం అనేవాళ్ళున్నారు, నేననను. ఎక్కడ ఉండనిస్తారో అక్కడే ఖర్చు పెడతారు మనుషులు. కానీ ఉన్న ఇరవై ఏళ్ళూ బతుకు కాదా? ఒక మంచి పరుపుకి నాలుగు వందల రియాళ్ళు. నడుంనొప్పికి డాక్టరు దగ్గరకి నాలుగుసార్లు వెళ్తే అంతే అవుతుంది. కొత్తగా వచ్చిన దంపతులు సలహా అడిగితే నేను చెప్పేది ఒక్కటే: అన్నీ పాతవి కొనండి, పరుపు మాత్రం కొత్తది కొనండి.

నిజామాబాద్ వైపు మిత్రుడొకాయన ఇరవై నాలుగేళ్ళు ఇక్కడ చేసి 2023లో వెళ్ళిపోయాడు. ఊళ్ళో మేడ కట్టి పన్నెండేళ్ళయింది. నిర్మల్ టేకుతో చేయించిన పెద్ద మంచం ఉంది. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. విమానాశ్రయానికి నేనే కారులో తీసుకెళ్ళాను. దారిలో లెక్క చెప్పాడు, ఆ మంచంమీద తను పడుకున్నది మొత్తం ఏడాది అని. తర్వాత గది సంగతి చెప్పాడు. ఆయన మంచం ఆ రోజే జగిత్యాల పిల్లాడికి ఇచ్చేశారట. పెట్టె సర్దుతుంటే ఆ పిల్లాడు పక్కన నిలబడి, "అన్నా, గీ పరద ఉంచి పోతవా?" అని అడిగాడట.

"ఉంచుకో తమ్మీ. తీగ జర వదులైంది, గట్టిగ కట్టుకో" అని చెప్పి వచ్చానన్నాడు.